జిమ్‌లో పర్సనల్ ట్రైనర్‌ని పెట్టుకోవడం ఎలా: డబ్బు కట్టేముందు, కట్టాక

"పీటీ (పర్సనల్ ట్రైనింగ్) తీసుకోమని జిమ్ వాళ్ళు వెంటపడుతున్నారు, తీసుకోవాలా వద్దా?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. దాని వెనకే "ఎంత ఇవ్వొచ్చు", "మా కోచ్ ఇచ్చిన డైట్ ఒకసారి చూడవా", "రెండు నెలలైంది బరువు కదలట్లేదు, కోచ్‌ని మార్చెయ్యనా" అని క్యూ కడతాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఇక్కడే వరసగా రాసేస్తున్నా. ఏ కండ ఎక్కడుంటుంది లాంటి పాఠాలు ఉండవు, ఏం చెయ్యాలో అదే.

నా లెక్కలో ట్రైనర్ పని ఒకటే, మూడు నెలల్లో మీ అంతట మీరు చేసుకునేలా తయారుచేసి వదలడం. పక్కన నిలబడి పన్నెండు దాకా లెక్కపెట్టడానికే అయితే అన్ని వేలు దండగ, ఆ అంకెలు మనకీ వచ్చు.

ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

జిమ్ గడప ఎప్పుడూ తొక్కనివాళ్ళు, నడుం నొప్పో మోకాలి నొప్పో ఉండి ఏది చెయ్యొచ్చో తెలియనివాళ్ళు, నలభై దాటాక మొదటిసారి బరువులు పట్టేవాళ్ళు, డెలివరీ తర్వాత మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు, వీళ్ళకి ట్రైనర్ నిజంగా పనికొస్తాడు. వారంలో మూడు రోజులు రాగలరో లేదో మీకే నమ్మకం లేకపోతే మాత్రం ముందు ఒక నెల నడక పెట్టుకోండి. ఏరియాని బట్టి పీటీకి నెలకి ఆరేడు వేల నుంచి పదిహేను వేల పైదాకా అడుగుతున్నారు, అంత కట్టేస్తే భయంతోనైనా వెళ్తాం అనుకుంటారు చాలామంది, ఆ భయం రెండో వారానికే పోతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- టైలర్ టేప్ ఒకటి
- చిన్న నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకోవచ్చు గానీ ఫోన్ తీస్తే రీల్స్‌లోకి వెళ్ళిపోతాం
- ఈ మధ్య తీసిన బీపీ రీడింగ్, షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ రిపోర్టులు ఉంటే అవి
- మీరు రోజూ వేసుకునే మందుల పేర్లు
- అడుగు చదునుగా, గట్టిగా ఉండే షూస్. మెత్తటి రన్నింగ్ షూస్‌తో బరువులెత్తితే పాదం అటూఇటూ ఊగుతుంది
- టవల్, నీళ్ళ బాటిల్

గ్లోవ్స్, బెల్ట్, షేకర్, ప్రోటీన్ డబ్బా, ఫ్యాట్ బర్నర్ ఇవేవీ మొదటి రోజు కొనక్కర్లేదు. కొనాల్సిందే అని రిసెప్షన్ దగ్గరే మొదలుపెట్టారంటే ఆ జిమ్ లాభం ఎక్కడుందో మీకే అర్థమవుతుంది.

1. ముందు ఒంటి సంగతి చూసుకోండి

ఈ ప్రశ్నలకి నిజాయితీగా జవాబు చెప్పుకోండి. మెట్లెక్కితే గుండెల్లో పట్టేసినట్టు ఉంటుందా? కళ్ళు తిరిగి పడిపోయిన సందర్భం ఉందా? బీపీకో, షుగర్‌కో, గుండెకో మందులు వాడుతున్నారా? ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చిందా? వెన్నుకో మోకాలికో ఆపరేషన్ అయిందా? గర్భంతో ఉన్నారా? ఒక్కదానికి అవును అని వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్ళి "బరువులతో వ్యాయామం మొదలుపెడదామనుకుంటున్నా, ఏవైనా చెయ్యకూడనివి ఉన్నాయా" అని అడిగి, ఆయన చెప్పింది చీటీ మీద రాయించుకుని ట్రైనర్‌కి చూపించండి.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళకి ఎక్సర్‌సైజ్ టైంలో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు మసకబారడం మొదలైతే సెట్ పూర్తిచేద్దాం అని మొండికెయ్యకండి, ఆపేసి కూర్చోండి, జేబులో గ్లూకోజ్ బిళ్ళలు పెట్టుకోండి. బీపీ ఉన్నవాళ్ళు బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, ఎత్తుతూ వదలాలి.

ఇవన్నీ మీరు చెప్పేలోపు ట్రైనరే అడగాలి అసలు. ఏమీ అడక్కుండా "రండి సార్, ట్రెడ్‌మిల్ ఎక్కండి" అన్నాడంటే అది మొదటి మైనస్.

2. ఏం కావాలో అంకెల్లో రాసుకోండి

"ఫిట్‌గా అవ్వాలి" అని వెళ్తే ట్రైనర్ తనకి అలవాటైన ప్రోగ్రామే మీకూ అంటగడతాడు. "పన్నెండు వారాల్లో నడుం చుట్టు 98 నుంచి 93 సెంటీమీటర్లకి రావాలి, మోకాళ్ళ మీద కాకుండా పది దండీలు తియ్యాలి, మూడో అంతస్తు ఆయాసం లేకుండా ఎక్కాలి", ఇలా వెళ్ళండి.

నడుం కొలత ఎలా అంటే, పొద్దున్నే బాత్రూంకి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో టేప్ పెట్టాలి. మామూలుగా ఊపిరి వదిలి చూడాలి. పొట్ట లోపలికి లాక్కోవడం నిషేధం, అద్దం ముందు అందరం లాక్కుంటాం. టేప్ వెనకవైపు జారిపోకుండా నేలకి సమాంతరంగా ఉందో లేదో ఇంట్లో ఎవరినైనా చూడమనండి. మన భారతీయులకి మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే పొట్ట కొవ్వు ఎక్కువున్నట్టు. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) కూడా మనకి 23 దాటితే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం కిందే లెక్క, నెట్‌లో కనిపించే 25, 30 అంకెలు చూసి సంబరపడకండి.

బరువు ఒక్కటే టార్గెట్‌గా పెట్టుకోవద్దు. ముందురోజు రాత్రి ఆవకాయన్నం తింటే ఉప్పుకి ఒళ్ళు నీరు పట్టి పొద్దున కిలో ఎక్కువ చూపిస్తుంది, ఆడవాళ్ళకి పీరియడ్స్ ముందు కూడా అంతే.

3. ట్రైనర్‌ని ఎంచుకునే ముందు అరగంట ఊరికే కూర్చోండి

ఈ స్టెప్ దాదాపు ఎవ్వరూ చెయ్యరు, నన్నడిగితే దీనికి మించింది లేదు. మీరు రోజూ ఏ టైంకి వెళ్దామనుకుంటున్నారో సరిగ్గా అదే టైంకి వెళ్ళండి. మధ్యాహ్నం మూడింటికి వెళ్తే ఏ జిమ్ అయినా గుడిలా ప్రశాంతంగా ఉంటుంది, సాయంత్రం ఏడింటికి వెళ్తే డంబెల్ కోసం టోకెన్ తీసుకోవాలి. "చూసి చెప్తాను" అని సైకిల్ మెషిన్ మీద కూర్చుని ట్రైనర్లని గమనించండి.

చూడాల్సింది వాళ్ళ కండలు కాదండీ, కళ్ళు. క్లయింట్ స్క్వాట్ (బస్కీ) చేస్తుంటే కోచ్ చూపు ఎక్కడుంది? మంచి కోచ్ పక్కకి జరిగి సైడ్ నుంచి చూస్తాడు, ఒకసారి ముందుకొచ్చి మోకాళ్ళు చూస్తాడు, సెట్ అయ్యాక ఒకటే మాట చెప్తాడు, "మడమ లేస్తోంది, బరువు పాదం మధ్యలో పెట్టు" లాంటిది, తర్వాత సెట్‌లో మళ్ళీ దాన్నే చూస్తాడు. చెడ్డ కోచ్ బొటనవేలితో ఫోన్ జరుపుతూ "ఏడు, ఎనిమిది, సూపర్ బ్రో, తొమ్మిది" అంటుంటాడు, అక్కడ ఆ మనిషి చేసింది ఆరే. ఇంకో రకం ఉంటాడు, బెంచ్ ప్రెస్‌లో క్లయింట్ బరువు సగం తనే ఎత్తేస్తుంటాడు, క్లయింటేమో నేను 60 కొట్టా అని స్టేటస్ పెట్టుకుంటాడు.

ఇరవై ఏళ్ళ కుర్రాడికీ యాభై ఐదేళ్ళ ఆంటీకీ ఒకే వర్కవుట్ చేయిస్తున్నాడేమో చూడండి. చేయిస్తుంటే ఇక అడగాల్సిందేం లేదు, లేచి వచ్చెయ్యండి.

సర్టిఫికెట్ గురించి మొహమాటపడకుండా అడగండి. ఏసీఈ, ఎన్ఏఎస్ఎం, ఏసీఎస్ఎం లాంటి అమెరికా సంస్థలిచ్చేవి పేరున్నవి, వాటి మీద నంబర్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు, గడువు తీరిపోయిందేమో కూడా తెలుస్తుంది. సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) వచ్చా అని అడగండి. గోడ మీద బాడీబిల్డింగ్ మెడల్స్ ఉంటే మంచిదే, కానీ తను పెంచుకోవడం వేరు, మీకు నేర్పడం వేరు. సర్టిఫికెట్ లేకపోయినా పదిహేనేళ్ళుగా అదే ఊళ్ళో చేయిస్తూ, పాత క్లయింట్లు ఇంకా పలకరిస్తున్న మాస్టర్లు ఉన్నారు, వాళ్ళని తీసెయ్యక్కర్లేదు, పాత క్లయింట్లతో ఓ పది నిమిషాలు మాట్లాడితే చాలు.

ఆడవాళ్ళు లేడీ ట్రైనర్ కావాలంటే ముందే చెప్పాలి, ఆ షిఫ్ట్‌లో ఆమె నిజంగా ఉంటుందా అని కూడా అడగాలి. చాలాచోట్ల పొద్దున బ్యాచ్‌కే ఉంటారు. మగ కోచ్ అయితే ఫార్మ్ (చేసే భంగిమ) సరిచేసేటప్పుడు ముట్టుకునేముందు అడగాలని మొదటి రోజే చెప్పెయ్యండి, మంచి కోచ్ ఇబ్బంది పడడు, మిగతావాళ్ళు పడితే పడనివ్వండి.

4. ట్రయల్ సెషన్ అడగండి

ఫ్రీగా ఇస్తే సరి, ఇవ్వకపోతే ఒక్క సెషన్‌కి డబ్బులిచ్చి అయినా తీసుకోండి. అందులో ఆయన మిమ్మల్ని పరీక్ష చెయ్యాలి, చంపకూడదు. బెంచ్ మీద కూర్చుని లేవమనడం, గోడకి ఆనుకుని చేతులు పైకెత్తమనడం, ఒంటికాలి మీద నిలబడమనడం, తేలిక బరువుతో నడుం వంచి లేవమనడం ఇలాంటివి ఉంటాయి. చూసింది చూసినట్టు రాసుకుంటున్నాడా లేదా గమనించండి.

ఈ మూడు ప్రశ్నలు అడగండి:

- మొదటి నాలుగు వారాల్లో ఏం చేయిస్తారు, ఎందుకు?
- నాకు ఏదైనా కదలికలో నొప్పి వస్తే బదులుగా ఏం ఇస్తారు?
- నేను బాగుపడుతున్నానని ఎలా తెలుస్తుంది?

జవాబులు మామూలు తెలుగులో అర్థమయ్యేలా ఉంటే ఓకే. "నెలలో పది కిలోలు గ్యారంటీ" అన్నాడంటే నమస్కారం పెట్టి బయటికి రండి. మొదటి రోజే వాంతి అయ్యేదాకా చేయించి "అదీ వర్కవుట్ అంటే" అని నవ్వేవాళ్ళకీ అదే నమస్కారం.

5. డబ్బు మాట్లాడుకోవడం

కౌంటర్ దగ్గర మీకు వినబడే మొదటి మాట "ఆఫర్ ఈరోజే లాస్ట్". వచ్చే వారం వెళ్ళినా అదే లాస్ట్, కంగారు పడకండి.

ఏడాది ప్యాకేజీ వద్దు. ముందు ఒక నెల, అంటే సాధారణంగా 12 సెషన్లు, నచ్చితే మూడు నెలలకి పొడిగించుకోండి. ఇవన్నీ బిల్లు మీదో, కనీసం వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా ఉండాలి:

- ఎన్ని సెషన్లు, ఒక్కోటి ఎన్ని నిమిషాలు, ఎన్ని రోజుల్లోపు వాడుకోవాలి
- ఊరెళ్తే, జ్వరమొస్తే ఫ్రీజ్ (ప్యాకేజీ ఆపి ఉంచడం) ఎన్ని రోజులు. సంక్రాంతికి వారం పోతుందని మీకు ముందే తెలుసు కదా
- ట్రైనర్ మానేస్తే ఏంటి. ఇది తప్పకుండా అడగండి, జిమ్ ట్రైనర్లు తరచూ మారుతుంటారు, మీరు ఒకరిని చూసి డబ్బు కడితే పదిహేను రోజులకి ఇంకొకరు వస్తారు
- కోచ్ రాని రోజు సెషన్ మీ లెక్కలో కట్ అవుతుందా
- రీఫండ్ ఉందా లేదా

జిమ్‌ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో పాత రేటే ఉంటే ఎందుకని అడగండి. ట్రైనర్ పర్సనల్ నంబర్‌కి డబ్బు కొట్టమంటే కొట్టకండి, రేపు తేడా వస్తే జిమ్ వాళ్ళు మాకు సంబంధం లేదంటారు. గొడవ తెగకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది, బిల్లు ఉంటేనే ఆ కాల్‌కి బలం.

6. మొదటి రెండు వారాలు తగ్గి ఉండండి

"ఇంతేనా, ఇంత తేలిగ్గానా" అనిపించాలి. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు గ్యాప్. కూర్చుని లేచేది ఒకటి, నడుం వంచి ఎత్తేది ఒకటి, తోసేది ఒకటి, లాగేది ఒకటి, పొట్ట బిగించేది ఒకటి, ఈ ఐదూ ఉంటే ఒళ్ళంతా అయిపోయినట్టే. ప్రతి సెట్ అయ్యేసరికి ఇంకో రెండు మూడు తియ్యగలను అనిపించే బరువే పట్టండి.

నొప్పుల్లో తేడా తెలుసుకోవాలి. మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోవడం, రెండు మూడు రోజుల్లో తగ్గిపోవడం మామూలే. కీలులో ఒక చోట సూది గుచ్చినట్టు పొడవడం, కాల్లోకి చేతిలోకి తిమ్మిరి దిగడం, ఒకవైపే వాపు రావడం మామూలు కాదు, ఆ ఎక్సర్‌సైజ్ ఆపెయ్యండి. గుండెల్లో నొప్పి, ఎడమ చేతికో దవడకో లాగడం వస్తే కోచ్‌ని అడగడం కాదు, నేరుగా ఆసుపత్రికే.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. కొత్తగా వచ్చినవాళ్ళతో అతిగా చేయిస్తే కండరం దెబ్బతిని అందులోని పదార్థం రక్తంలోకి వచ్చి కిడ్నీలకి చేటు చేస్తుంది. ఒళ్ళు విపరీతంగా వాచి, మూత్రం కోలా రంగులోకి వస్తే అదే రోజు డాక్టర్‌ని కలవండి. మే నెల విజయవాడ ఎండల్లో, ఏసీ పనిచెయ్యని జిమ్‌లో, నీళ్ళు తాగకుండా చేస్తే ఇంకా ప్రమాదం.

7. నోట్‌బుక్ మీ చేతిలోనే ఉండాలి

కోచ్ యాప్‌లో ఉందిలే అంటాడు, ఉండనివ్వండి. మీది మీరు రాయాలి. ఒక పేజీ ఇలా ఉంటుంది, బరువు పక్కన అంకెలు ఒక్కో సెట్ (ఆగకుండా చేసే ఒక విడత) లో ఎన్నిసార్లు చేశారో:

మంగళవారం
గాబ్లెట్ స్క్వాట్, 10 కిలోలు: 12, 12, 10. మూడో సెట్‌లో ఎడమ మోకాలు లోపలికి పోయింది
లాట్ పుల్‌డౌన్, 25 కిలోలు: 12, 11, 9. సీటు 4వ రంధ్రం
డంబెల్ ప్రెస్, చేతికి 7.5: 10, 9, 8
నిద్ర 5 గంటలే

మూడు సెట్లలోనూ 12 వచ్చిన రోజు, తర్వాతిసారి బరువు ఒక మెట్టు పెంచాలి, అప్పుడు మళ్ళీ 8 కో 9 కో పడిపోతుంది, అక్కడినుంచి మళ్ళీ 12 దాకా ఎక్కాలి. ఇంతే, మొత్తం రహస్యం ఇదే. సెట్‌కీ సెట్‌కీ మధ్య ఒకటిన్నర రెండు నిమిషాలు ఆగండి. ప్రతిరోజూ కొత్త కొత్త ఎక్సర్‌సైజులు పెట్టి "కండరాన్ని కన్‌ఫ్యూజ్ చెయ్యాలి బ్రో" అనే కోచ్ దగ్గర కన్‌ఫ్యూజ్ అయ్యేది మీరే, ఎందుకంటే పోయిన వారంతో పోల్చుకోడానికి ఏమీ మిగలదు. అవే ఐదారు కదలికలు కనీసం ఆరు వారాలు ఉండాలి.

సీటు ఏ రంధ్రంలో పెట్టారో రాసుకోవడం చాదస్తంలా అనిపిస్తుంది గానీ, కోచ్ లేని రోజు మెషిన్ ముందు బిత్తరచూపులు చూడకుండా కాపాడేది అదే.

8. కోచ్‌తో మాట్లాడటం

మనవాళ్ళకి పెద్ద జబ్బు మొహమాటం. నొప్పి వస్తుంటే పళ్ళ బిగువున చేసేసి, ఇంటికొచ్చి మూవ్ రాసుకుని, మర్నాటి నుంచి ఎగ్గొట్టేస్తారు. "కోచ్, ఇది చేస్తే కుడి భుజంలో పొడుస్తోంది, వేరేది ఇవ్వండి" అని అక్కడే చెప్పాలి. "అలాగే ఉంటుంది, చెయ్యి" అని రెండోసారి కూడా అంటే జిమ్ మేనేజర్‌తో మాట్లాడి కోచ్‌ని మార్పించుకోండి, అందులో తప్పేం లేదు, డబ్బు మీది.

సెషన్ మధ్యలో ఫోన్ చూస్తుంటే "కోచ్, ఈ సెట్ కాస్త చూడండి" అని నవ్వుతూనే అనొచ్చు. అటువైపు న్యాయం కూడా ఉంది, మీరు ఆరున్నర సెషన్‌కి ఆరు యాభైకి వెళ్ళి గంట కావాలంటే కుదరదు, ఆయనకి ఏడున్నరకి ఇంకొకరుంటారు.

ఆడవాళ్ళు తరచూ అడిగేది: బరువులెత్తితే మగవాళ్ళలా అయిపోతామా? అవ్వరు. అంత కండ రావాలంటే ఏళ్ళ తరబడి చెమటోడ్చాలి, వద్దన్నా వచ్చేసేది కాదు. మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది, మీ కోచ్ రెండేసి కిలోల గులాబీ డంబెల్స్ దగ్గరే ఆరు నెలలు ఉంచేస్తే ఈ సంగతి గుర్తుచెయ్యండి.

9. తిండి

కోచ్ ఇచ్చే డైట్ చార్టుల్లో సగం ఒకే ఫైలు, పేరు మార్చి పంపిస్తారు. ఓట్స్, బ్రోకలీ, ఉడకబెట్టిన చికెన్, ఆరుసార్లు తిండి. మీ ఇంట్లో ఎవరూ వండనిది నాలుగో రోజు దాటదు. అందుకని చార్ట్ తీసుకోకముందే, మీరు మూడు రోజులు మామూలుగా తిన్నదంతా రాసి ఆయన చేతిలో పెట్టండి, టీలతో సహా, ఆఫీసులో కొరికిన సమోసాతో సహా. "దీన్నే సరిచెయ్యండి" అనండి.

మన ప్లేటులో లోపం సాధారణంగా ఒకటే, అన్నం కొండంత, పప్పు గరిటెడు. ప్రోటీన్ లెక్క చూద్దాం. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. బరువులెత్తేవాళ్ళు 1.2 నుంచి 1.6 దాకా పెట్టుకోవచ్చు, అంటే 70 కిలోల మనిషికి 85 నుంచి 110 గ్రాములు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఈ లెక్క పట్టించుకోకండి, డాక్టర్ చెప్పిందే వినండి.

గుడ్డుకి 6 గ్రాములు. గ్లాసు పాలకి 8. వండకముందు తూచిన 150 గ్రాముల బోన్‌లెస్ చికెన్‌కి 30 పైన. 100 గ్రాముల పనీర్‌కి 18 దాకా. ఎండు మీల్ మేకర్ 50 గ్రాములకి 26, శాకాహారులకి దీనంత చవకైంది ఇంకోటి లేదు. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు, మధ్యాహ్నం అన్నం ఒక కప్పు తగ్గించి ముద్దపప్పు రెండింతలు, సాయంత్రం మిర్చి బజ్జీ చోట ఉడికించిన శనగలు, రాత్రి గుడ్లో చికెనో పనీరో, పెరుగు మామూలే. అన్నం మానేయక్కర్లేదు. కూరలో నూనె మాత్రం చూడండి, ఒక టేబుల్ స్పూన్ నూనెకి 120 కేలరీలు పైనే, మన వంకాయ కూరలో అలాంటివి ఎన్ని తేలుతుంటాయో మీకే తెలుసు. ఆదివారం బిర్యానీ తినండి, ఒక ప్లేటు, ఫ్యామిలీ ప్యాక్ కాదు.

డబ్బాల సంగతి. కండ పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దనే జాతీయ పోషకాహార సంస్థ 2024 గైడ్‌లైన్స్‌లో చెప్పింది. వే పౌడర్ (పాల నుంచి తీసే ప్రోటీన్ పొడి) విషమేం కాదని నా అభిప్రాయం, కాకపోతే తిండి సరిచేసుకోకుండా డబ్బా కొనడం అనవసరం. కొంటే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్, సీలు, గడువు తేదీ చూడండి, జిమ్‌లో లూజుగా పొట్లం కట్టి ఇచ్చేది అసలే వద్దు.

ఇంజెక్షన్ అనే మాట కోచ్ నోట వస్తే ఆరోజే ఆఖరి రోజు అనుకోండి. స్టెరాయిడ్లు ఒకెత్తు, ఆపరేషన్ టైంలో బీపీ పడిపోతే డాక్టర్లు వాడే మెఫెంటర్‌మిన్‌ని జిమ్ కుర్రాళ్ళకి అమ్ముతూ హైదరాబాద్‌లో పోలీసులకి దొరికినవాళ్ళున్నారు. అది గుండె మీద నేరుగా కొడుతుంది. "అందరూ వాడుతున్నారు" అన్నది కారణం కాదు.

10. పని చేస్తోందో లేదో చెక్ చేసుకోవడం

రోజూ పొద్దున బరువు చూసినా వారం సగటే లెక్కలోకి తీసుకోండి. తగ్గాలనుకునేవాళ్ళకి వారానికి అరకిలో చాలు. నడుం కొలత రెండు వారాలకోసారి. ఫోటో నెలకోసారి, అదే గోడ, అదే లైటు, అదే టైం.

జిమ్‌లో నిలబెట్టి తీసే బాడీ కంపోజిషన్ (ఒంట్లో కొవ్వెంత, కండెంత) ప్రింటౌట్ చూసి కంగారు పడకండి, సంబరమూ వద్దు. అది ఒంట్లో నీటిని బట్టి మారిపోతుంది, నీళ్ళు తాగి ఒకసారి, చెమటపట్టాక ఒకసారి ఎక్కితే రెండు వేర్వేరు మనుషులు వస్తారు. ప్యాకేజీ రెన్యువల్ ముందు మంచి రీడింగ్ చూపించడం పెద్ద విద్యేం కాదు.

నాలుగో వారంలో: ఐదు కదలికలూ కోచ్ నోరు మెదపకుండా చెయ్యగలుగుతున్నారా? నోట్‌బుక్‌లో అంకెలు పెరిగాయా? 12 సెషన్లలో కనీసం పదింటికి వచ్చారా?

ఎనిమిదో వారంలో: బరువు అలాగే ఉండి నడుం తగ్గితే మంచిదే, కంగారొద్దు. రెండూ కదలకపోతే తిండి మళ్ళీ మూడు రోజులు రాయండి, పదిలో తొమ్మిదిసార్లు సమస్య అక్కడే దొరుకుతుంది. నోట్‌బుక్‌లో అంకెలు కూడా కదలకపోతే అప్పుడు కోచ్‌ని అడగాలి.

పన్నెండో వారంలో: ఒక రోజు కోచ్‌ని పక్కన కూర్చోబెట్టి, వార్మప్ నుంచి చివరి సెట్ దాకా మీరే నడపండి. ఆయన నోట్‌బుక్‌లో తప్పులు రాయాలి. తప్పులు తక్కువైతే రోజువారీ పీటీ ఆపేసి, నెలకి ఒకటి రెండు సెషన్లు తీసుకుంటే చాలు. చాలా జిమ్‌లు అలా ఇవ్వం అంటాయి మొదట, వెళ్ళిపోతాను అంటే ఇస్తాయి.

ఎక్కువగా కనిపించే పొరపాట్లు

పీటీ ఉన్న రోజే కదలడం, మిగతా నాలుగు రోజులు కుర్చీకి అతుక్కుపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానికి తోడు రెండు రోజులు కండరాల వ్యాయామం అంటుంది, జిమ్ లేని రోజు నడక పెట్టుకుంటేనే ఆ లెక్క తేలుతుంది.

నైట్ షిఫ్ట్ దిగి నిద్ర లేకుండా నేరుగా జిమ్‌కెళ్ళి బరువు పెంచడం. ఆ రోజు సగం బరువుతో కానిచ్చి ఇంటికెళ్ళి పడుకోండి. పెళ్ళి ఉందని ఆరు వారాల ముందు చేరి రోజూ రెండు పూటలా చెయ్యడం, ఇది ప్రతి మాఘమాసం ముందూ చూసేదే, నడుం పట్టేసి పీటల మీద కూర్చోలేకపోతారు. పక్కవాడి బరువు చూసి మన బరువు పెంచడం గురించి చెప్పక్కర్లేదు.

ఇంత డబ్బు లేకపోతే

ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి ఒక కోచ్‌ని పంచుకోండి, చాలామంది ఒప్పుకుంటారు, ఒక్కొక్కరికి బాగా తగ్గుతుంది. లేదా జిమ్ మామూలు మెంబర్‌షిప్ తీసుకుని, నాలుగు పీటీ సెషన్లు మాత్రం కొని ఐదు కదలికలు నేర్చుకోండి. ఆన్‌లైన్ కోచ్ అయితే వీడియో పంపితే రెండు రోజుల్లోపు తప్పులు చెప్పేవాళ్ళే పనికొస్తారు, చార్ట్ పంపి మాయమయ్యేవాళ్ళు కాదు. అమెరికాలో ఉండి ఇక్కడి కోచ్ దగ్గర చేరేవాళ్ళు కాల్ టైం ముందే తేల్చుకోండి, ఇక్కడి పొద్దున్న మీకు రాత్రి.

అదీ కుదరకపోతే ఇంటి దగ్గర పార్కు. గోడకి దండీలు, అవి తేలికైతే బెంచ్ మీద, తర్వాత నేల మీద. కుర్చీ మీద కూర్చుని లేవడం, తర్వాత కుర్చీ తీసేసి బస్కీలు. వీపుకి తగిలించుకునే బ్యాగులో బియ్యం పోసి దాన్ని నడుం వంచి ఎత్తడం, అదే బ్యాగ్ పొట్టవైపు లాగడం. విశాఖలో అయితే పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు, నడవడానికి అంతకంటే ఏం కావాలి. వీటికీ నోట్‌బుక్ ఉండాలి, ఎన్ని తీశారో రాయాలి, ఏడో స్టెప్‌లో చెప్పిన లెక్కే.

పీటీ ఆపేసే రోజు కోచ్ దగ్గర మూడు తీసుకుని రండి: వచ్చే మూడు నెలలకి రాసిన ప్రోగ్రామ్, మీరు చేస్తుండగా సైడ్ నుంచి తీసిన ఐదు వీడియోలు, మిగిలిన సెషన్లు ఎన్ని ఉన్నాయో జిమ్ వాళ్ళ నంబర్ నుంచి వచ్చిన మెసేజ్.